గోడ ఎవరిది, బొమ్మ ఎవరిది

ప్రశ్న

తెనాలి నుంచి రాసిన ఈ పాఠకుడికి 29 ఏళ్లు. రైసుమిల్లులో లెక్కలు చూస్తారు. మూడేళ్ల క్రితం నలుగురు స్నేహితులు ఒక జట్టుగా కూడారు. మనిషి సంపాదన మీద, ఆస్తి మీద, మాట మీద ప్రభుత్వ పెత్తనం తగ్గాలనే లిబర్టేరియన్ ఆలోచనను పుస్తకాలు చదవనివాళ్లకు బొమ్మల ద్వారా చేర్చాలని వాళ్ల కోరిక. నెలకు తలా 1,200 రూపాయలు వేసుకుంటారు. ఇప్పటికి దాదాపు 40 పోస్టర్లు, పది చిన్న వీడియోలు చేశారు. బొమ్మలన్నీ పాఠకుడి బాబాయి కూతురే వేసింది. ఆమె ఫైన్ ఆర్ట్స్ చదివి, పిల్లలకు డ్రాయింగ్ ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఈ బొమ్మలకు ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇప్పుడు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. జట్టులో ఒకతను చెల్లెలి సంతకం చెరిపేసి, రంగులు మార్చి, కింద వేరే నినాదం పెట్టి పంచాడు. అడిగితే, "కాపీరైట్ అనేదే ప్రభుత్వం ఇచ్చే గుత్తహక్కు, దాన్ని మనం ఒప్పుకోం కదా" అన్నాడు. చెల్లెలు బొమ్మలు మానేసింది. బాబాయి ఇంట్లో మాటలు తగ్గాయి. రాత్రిపూట మార్కెట్టు గోడలకు పోస్టర్లు అంటించినందుకు ఒక షాపాయన మునిసిపాలిటీకి ఫిర్యాదు చేశాడు. ఉచిత పథకాల మీద ఒక పోస్టర్ వేశారు: మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లోకి బస్తాలోంచి బియ్యం జారుతుంటుంది. వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే ఆమె అది చూసి, "ఇది మమ్మల్నే అన్నట్టుంది బాబూ, మేం వండుకునేది కార్డు బియ్యమే" అంది. అంతకు నెల ముందే ఆమె బండిని మునిసిపాలిటీవాళ్లు ఎత్తుకుపోతే, ఆమె తరఫున పోస్టర్ వేయాలని అనుకున్నది కూడా ఈ జట్టే. ఇక ఎర్రజెండా పార్టీలో నలభై ఏళ్లు పనిచేసిన పెదనాన్నగారు, "బొమ్మలు అంటిస్తే మనుషులు మారరురా, మనుషుల దగ్గరికి వెళ్లాలి" అన్నారట. పోస్టర్లలో ఒత్తులు విడిపోతున్నాయని, వాట్సాప్‌లో ఎర్ర అక్షరాలు మసకబారుతున్నాయని కూడా రాశారు. "ఇది ఆపేయాలా? ఆపకపోతే ఎలా చేయాలి? చెల్లెలికి ఏం చెప్పాలి?" అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం

మీరు నాలుగు ఇబ్బందులు రాశారు. నాకు వాటన్నిటి వెనకా ఒకే విషయం కనిపిస్తోంది. మీరు ప్రచారం చేస్తున్న ఆలోచనకు మూలం ఒక్క మాట: ఎదుటివాడి ఒప్పుకోలు లేకుండా అతని శరీరాన్ని, శ్రమను, ఆస్తిని వాడుకోకూడదు. చెల్లెలి సంతకం ఆమెను అడగకుండా పోయింది. షాపాయన గోడ ఆయన్ని అడగకుండా మీదైంది. ఇడ్లీ బండి ఆమె పరువు కూడా ఆమెకు తెలియకుండానే బజార్లో పడింది. పోస్టర్ చెప్పే మాటను పోస్టర్ తయారైన తీరే కొట్టేస్తోంది. చూసేవాళ్లు ఈ సంగతి విడమరిచి చెప్పలేకపోవచ్చు గానీ పసిగడతారు. అందుకే ఆపేయమని నేను అనను. చేసే పద్ధతి మాత్రం మారాలి.

ముందు చెల్లెలి సంగతి, ఎందుకంటే ఆలస్యమైతే పాడయ్యేది అదే.

మీ మిత్రుడు చెప్పిన వాదన ఆయన కల్పించింది కాదు. లిబర్టేరియన్లలో కాపీరైట్ మీద నిజంగానే పెద్ద తగవు ఉంది. మెదడు శ్రమ కూడా ఆస్తేనని రచయిత్రి అయన్ రాండ్ పేటెంట్లనూ కాపీరైట్‌నూ గట్టిగా సమర్థించారు. ఆర్థికవేత్త ముర్రే రాత్‌బార్డ్ పేటెంట్లను వ్యతిరేకించారు. కాపీరైట్ లాంటిది మాత్రం అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఒప్పందంగా నిలబడొచ్చన్నారు. న్యాయవాది స్టీఫెన్ కిన్‌సెల్లా రెండూ వద్దన్నారు. పొలం ఒకరు దున్నితే ఇంకొకరు దున్నలేరు, కానీ బొమ్మను ఎందరు నకలు తీసినా అసలుది అలాగే ఉంటుంది కాబట్టి అది ఆస్తి కాదని ఆయన వాదన. మీ మిత్రుడు ఈ మూడో పక్షంలో ఉన్నారు, ఉండొచ్చు. అయితే ఆ పక్షం కూడా నకలు తీయడాన్నే సమర్థిస్తుంది. ఒకరు వేసిన బొమ్మ మీద పేరు చెరిపేసి అందరిదీ అన్నట్టు పంచడం వేరు. అది చూసేవాళ్లకు అబద్ధం చెప్పడం, ఇచ్చినామెకు మాట తప్పడం. కాపీరైట్‌ను ఒప్పుకోనివాడికైనా దీనికి సమర్థన దొరకదు. ఈ రెండు సంగతులనూ విడదీసి మిత్రుడితో మాట్లాడండి. కాపీరైట్ మీద ఆయన్ని ఓడించనక్కర్లేదు. సంతకం దగ్గర ఒప్పిస్తే చాలు.

చట్టం సంగతీ తెలుసుకోండి, ఎందుకంటే మీరు బతుకుతున్నది దాని కిందే. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం మీ చెల్లెలు జీతానికి గానీ డబ్బుకు గానీ వేయలేదు కాబట్టి ఆ 40 బొమ్మల హక్కులూ ఆమెవే. వాడుకోవడానికి ఇచ్చే అనుమతి రాతలో ఉండాలని 30వ సెక్షన్ అంటుంది. మీ దగ్గర ఉన్నది నోటి మాట. 57వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకెళ్తుంది: హక్కులు మొత్తం రాసిచ్చేసినా, బొమ్మ వేసింది తనేనని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా మార్చితే అడ్డుకునే హక్కు కళాకారుడి దగ్గరే ఉంటాయి. మీ మిత్రుడు చేసిన పని సరిగ్గా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. ఇది ఇంట్లో బెదిరింపుగా వాడమని కాదు, చెల్లెలికి కోపం రావడంలో న్యాయం ఎంతుందో మీకు తెలియాలని.

ఇక ముందుకు మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, బొమ్మలు పూర్తిగా ఆమెవే అని, మీ జట్టుకు మాత్రం వాడుకునే అనుమతి అని ఒక కాగితం రాసుకోవడం. ఆమెకు ఇది అన్నిటికంటే భద్రం. కానీ పక్క ఊరివాళ్లు మీ పోస్టర్ తీసుకుని తమ ఊరి సంగతి జోడించాలంటే ప్రతిసారీ ఆమెను అడగాలి. బొమ్మ ఎక్కువ దూరం వెళ్లదు.

రెండోది, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. ఇది కాపీరైట్‌ను తీసేయదు. ఏ షరతుల మీద ఎవరైనా వాడుకోవచ్చో సొంతదారే ముందుగా చెప్పడం ఇది. సీసీ బై-ఎస్ఏ 4.0 ఎంచుకుంటే ఎవరైనా నకలు తీయొచ్చు, మార్చొచ్చు, అమ్మొచ్చు కూడా. కాకపోతే వేసినామె పేరు ఉండాలి, మార్చితే మార్చామని చెప్పాలి, మార్చినదాన్ని మళ్లీ ఇదే షరతుతో పంచాలి. మీ పనికి నాకు ఇది బాగా అతుకుతుందనిపిస్తుంది. పంచుకోవడమూ స్వేచ్ఛగా జరుగుతుంది, పేరూ నిలుస్తుంది. ఎన్‌డీ అని ఉన్న రకం తీసుకుంటే మార్చిన బొమ్మను పంచడం కుదరదు. తెలుగు పోస్టర్‌ను కన్నడంలోకి మార్చేవాళ్లకు కూడా తలుపు మూసుకుంటుంది. వ్యాపారానికి వాడొద్దనే ఎన్‌సీ షరతు వినడానికి బాగుంటుంది గానీ, ప్రకటనలు వేసుకునే చిన్న పత్రిక మీ బొమ్మ అచ్చేయాలన్నా జంకుతుంది. ఒకటి మాత్రం చెల్లెలికి స్పష్టంగా చెప్పాలి: ఈ లైసెన్సు ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. రేపు మీతో పడకపోయినా బయటికి వెళ్లిన బొమ్మలు అదే షరతుతో తిరుగుతూనే ఉంటాయి. ఆమె ఆలోచనలకు పూర్తి విరుద్ధమైన నినాదం ఎవరైనా కింద పెట్టొచ్చు కూడా. అలాంటప్పుడు తన పేరు తీసేయమని అడిగే వీలు లైసెన్సులోనే ఉంది.

మూడోది, సీసీ జీరో. హక్కులన్నీ వదిలేయడం. మీ మిత్రుడి సిద్ధాంతానికి దగ్గరిది ఇదే. అయితే హక్కు ఆయనది కాదు, వదలాల్సింది మీ చెల్లెలు. అవతలివాళ్ల హక్కును మన సిద్ధాంతం కోసం మనమే వదిలేయడాన్ని మీరంతా ఏ పేరుతో పిలుస్తారో మీకు తెలుసు.

ఆమెకు డబ్బు ఇవ్వండి. నెలకు మీ దగ్గర 4,800 పోగవుతోంది. అందులో సగం బొమ్మకు వెళ్లనివ్వండి. పోస్టర్ల సంఖ్య తగ్గినా పర్లేదు. శ్రమకు ధర ఉండాలని చెప్పే జట్టు మూడేళ్లు ఊరికే పని చేయించుకోవడం ఎవరికీ సమ్మతం కాదు. ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు వేయించుకున్నవాళ్లదే అవుతుందని 17వ సెక్షన్ చెబుతుంది. అంటే ఇన్నాళ్లూ ఊరికే వేసినప్పుడు ఆమెవైన హక్కులు, మీరు మంచి మనసుతో డబ్బివ్వడం మొదలుపెట్టగానే మీ చేతికి రావచ్చు. అందుకని ఒక పేజీ చాలు, కాగితం రాసుకోండి: హక్కు చిత్రకారిణిదే, జట్టుకు ఫలానా లైసెన్సు, సంతకం ఎక్కడ ఎంత సైజులో ఉంటుంది, మార్పులు ఎవరు ఒప్పుకోవాలి, బొమ్మకు ఎంత, ఎప్పుడు ఇస్తారు. హక్కులే రాయించుకునే పక్షంలో కాలం, ప్రాంతం తప్పకుండా రాయండి. రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, భారతదేశానికి మాత్రమేగా లెక్కేస్తుంది.

ఆ కాగితం తీసుకెళ్లే ముందు మాత్రం బాబాయిగారింటికి ఊరికే వెళ్లండి. సంతకం తీసేసిన బొమ్మను వెనక్కి తీసుకున్నామని చెప్పి, సంతకంతో మళ్లీ విడుదల చేసిన ప్రతి ఆమె చేతికివ్వండి. చేసింది మిత్రుడు కాబట్టి ఆయన కూడా రావాలి. ఆమె మళ్లీ వేస్తానంటుందో లేదో ఆ రోజు అడగొద్దు.

గోడల సంగతికి వస్తే, షాపాయన ఫిర్యాదు న్యాయమైనదే. బహిరంగ ప్రదేశాలను పోస్టర్లతో, రాతలతో పాడుచేయడాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. కరెంటు స్తంభాలు, బస్టాండు గోడలు, కాలవ వంతెనలు వీటి జోలికి పోకండి. ఆయన గోడను మీరే కడిగి, కావాలంటే సున్నం వేయించి ఇవ్వండి. మైదా జిగురుతో అంటించిన కాగితం ఎండాక చీలికలుగా ఊడుతుంది. పొడిగా గీకితే గోడ రంగూ లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లు పట్టించి పదిహేను నిమిషాలు నాననిచ్చి చెక్క గరిటెతో తీయండి. ఆ తర్వాత ఆయన్నే అడగండి, "మీ గోడ మీద మూడు నెలలు ఒక బొమ్మ వేసుకుంటాం, పోయాక మళ్లీ రంగు వేసి ఇస్తాం, ఒప్పుకుంటారా" అని. ఒప్పుకుంటే రాతలో తీసుకోండి, మునిసిపాలిటీ అనుమతి కూడా కావాలేమో ఆఫీసులో కనుక్కోండి. ఒప్పుకోకపోతే సరే అని వచ్చేయండి. ఒప్పుకున్న గోడకు ఒక లాభం ఉంది: కింద "ఈ గోడ యజమాని అనుమతితో" అని రాయొచ్చు. మీ సిద్ధాంతం గురించి ఇంతకంటే పొందికైన వాక్యం ఇంకోటి దొరకదు.

ఎన్నికల సమయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అభ్యర్థి గెలుపోటముల మీద ప్రభావం చూపే కరపత్రం గానీ పోస్టర్ గానీ ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామా లేకుండా వేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ కింద నేరం. జాతీయ చిహ్నం, జెండాలతో వ్యంగ్యం చేయాలనిపిస్తే 2012లో కార్టూనిస్టు అసీమ్ త్రివేదిని అలాంటి బొమ్మలకే ముంబైలో రాజద్రోహం కేసు పెట్టి అరెస్టు చేసిన సంగతి గుర్తుంచుకోండి. తర్వాత ఆ ఆరోపణ వీగిపోయింది, నిజమే. కానీ మీ చెల్లెలి పేరున్న బొమ్మకు అలాంటి ఇబ్బంది రావచ్చంటే, తెగించాలా వద్దా అనేది ఆమే నిర్ణయించుకోవాలి.

ఇక ఆ బియ్యం బస్తా బొమ్మ. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే.

మీ ఆలోచనలను బొమ్మలో పెట్టడంలో ఒక సహజమైన కష్టం ఉంది. ఫ్రాన్స్‌లో ఆర్థిక రచయిత ఫ్రెడరిక్ బాస్టియా 1850లో చెప్పింది ఇదే: ఏ విధానానికైనా కంటికి కనబడే ఫలితం ఒకటుంటుంది, కనబడనివి చాలా ఉంటాయి. పథకం వల్ల అందిన బస్తా కనిపిస్తుంది. ఆ పన్ను కట్టకపోయి ఉంటే ఎవరో కొనుక్కునే కుట్టుమిషను కనిపించదు, లైసెన్సు దొరక్క మొదలే కాని వ్యాపారమూ కనిపించదు. మీ వాదన బలమంతా కనబడనిదాంట్లో ఉంది, బొమ్మేమో కనబడేదాన్నే చూపిస్తుంది. ఈ చిక్కు విప్పలేక చాలామంది దగ్గరి దారి పడతారు: కనబడే మనిషిని, అంటే సాయం తీసుకున్నవాడిని, సోమరిగా గీస్తారు. గీయడం తేలికే. కానీ విధానాన్ని వదిలేసి మనిషిని తిట్టినట్టవుతుంది. పైగా అబద్ధం కూడా, తెల్లవారుజామున నాలుగింటికి పిండి రుబ్బే మనిషి కార్డు బియ్యం తింటుంది. మీ వాదన ఆమెకు వ్యతిరేకం కాదని ఆమెకు ఎలా తెలుస్తుంది?

ఇంకో దారి ఉంది, ఖాళీని గీయడం. పోయినదాని చోటును గీస్తే కనబడనిది కనబడుతుంది. ఆమె సంగతే తీసుకోండి. నాలుగు గళ్లు. మొదటి గడిలో చీకట్లో గ్రైండర్, బల్బు వెలుగు. రెండో గడిలో బండి, ఆవిరి, చుట్టూ ఆటోవాళ్లు, యూనిఫాంలో ఇద్దరు పిల్లలు. మూడో గడిలో బండిని ఎత్తుతున్న లారీ. అందులో మనుషుల ముఖాలు వద్దు, చేతులు చాలు. నాలుగో గడిలో అదే వీధి, అదే కోణం, బండి ఉన్నచోట నేల మీద నల్లటి మసి గుర్తు, చక్రాల గీత, ఖాళీ టిఫిన్ డబ్బాతో నిలబడ్డ పిల్ల. రెండో గడికీ నాలుగో గడికీ కోణం వెంట్రుకవాసి కూడా మారకూడదు. మారితే ఖాళీ ఖాళీగా అనిపించదు, వేరే వీధి అనిపిస్తుంది.

కింద నినాదం వద్దు, పనికొచ్చే మాట పెట్టండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను తీయించకూడదు. తీయించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. అడిగాక, పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. పోస్టర్ మీద ఒక్క వాక్యం చాలు: "నోటీసు ఇచ్చి 30 రోజులైందా?" మిగతావన్నీ సెక్షన్ నంబర్లతో వెనకవైపు. 3, 18, 19, 22 సెక్షన్లు. అలాంటి కాగితాన్ని ఆమె బండి డబ్బాలో దాచుకుంటుంది. మీ జట్టులో ఎవరో ఒకరు, "ఇదీ చట్టమే కదా, మనం చట్టాలు తగ్గాలంటున్నాం" అంటారు. పెత్తనం చేసేవాడి చేతులు కట్టే చట్టం వేరు, బతుకుతెరువు చేతులు కట్టే చట్టం వేరు. ఆ తేడా మీ ఆలోచనకు గుండెకాయ లాంటిది, దాని మీదే ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోండి.

భయపెట్టే బొమ్మల మీద కూడా ఒక మాట. ప్రభుత్వ ప్రణాళికలు స్వేచ్ఛను మింగే ప్రమాదం ఉందని ఆర్థికవేత్త హయెక్ 1944లో రాసిన 'ది రోడ్ టు సర్ఫ్‌డమ్' పుస్తకాన్ని మరుసటి ఏడాది అమెరికాలో లుక్ పత్రిక 18 గళ్ల కార్టూన్‌గా వేసింది. జనరల్ మోటార్స్ దాన్ని చిన్న పుస్తకంగా అచ్చేసి పంచింది. పుస్తకం తెరవని ఎంతోమందికి ఆ ఆలోచన తెలిసింది దాని వల్లే. కానీ ప్రణాళికతో మొదలైన కథ చివరి గడిలో తుపాకుల ముందు నిలబెట్టడంతో ముగుస్తుంది. పుస్తకం చెప్పింది ప్రమాదం ఉందని, కార్టూన్ చూస్తే మాత్రం ఇలా జరిగి తీరుతుందనిపిస్తుంది. గళ్ల కథకు ఉన్న గుణమే అది, ఒక గడి తర్వాత ఇంకో గడి తప్పనిసరి అన్నట్టు కనిపిస్తుంది. తెలుగు పాఠకుడికి రేషన్ కార్డు నుంచి నియంతృత్వం దాకా మెట్లు గీసి చూపిస్తే నమ్మడు, నమ్మకూడదు కూడా. ఒక బొమ్మలో ఒక్క సంగతే చెప్పండి.

మన దగ్గర చెప్పాల్సిన సంగతులకు కొదవ లేదు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేస్తే, మీ పక్కనే నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా దాన్ని వ్యతిరేకించి కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. అదే ఏడాది పుట్టిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యారు. నక్షత్రం గుర్తు మీద ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. మీ ఊళ్లో ఎనభై దాటిన రైతుల్లో ఆ నక్షత్రానికి ఓటేసినవాళ్లు ఉంటారు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి తప్పుకుని 300ఎ అధికరణంగా మిగిలింది. భూసేకరణ చూసిన గుంటూరు, కృష్ణా రైతుకు ఇది వివరించక్కర్లేదు. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1991 జూలై 24న ప్రకటించిన పారిశ్రామిక విధానంతో 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. అంతకుముందు ఫ్యాక్టరీ ఎంత సరుకు తీయాలో కూడా లైసెన్సులో రాసి ఉండేది. పొగగొట్టానికి స్కేలు కట్టి ఎవరో కొలుస్తున్నట్టు గీస్తే చాలు. ఇవన్నీ ఇక్కడివే. అమెరికాలో లిబర్టేరియన్లు వాడే, పసుపు జెండా మీద చుట్టచుట్టుకున్న పాము బొమ్మను తెనాలిలో అంటిస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

రూపానికి తెలంగాణలోని చేర్యాల పటాన్ని చూడండి. నిలువుగా చుట్ట విప్పుకుంటూ ఒక్కో గడి చూపిస్తూ కథకుడు చెప్పుకుపోతాడు. ఫోనులో కిందికి జరుపుతూ చదివే తీరుకు అది చక్కగా సరిపోతుంది. శైలి నుంచి నేర్చుకోవచ్చు. ఆ పటాలు వేసే ఒక నకాషీ కళాకారుడి పనిని ఫోటో తీసి వాడకూడదు. మీ బొమ్మను చేర్యాల పటం అని పిలవకూడదు కూడా, ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. సినిమా ఫొటోలతో మీమ్స్ అలవాటు కూడా తగ్గించండి. మన చట్టంలో విమర్శకు, సమీక్షకు మినహాయింపు ఉంది గానీ మీ రాజకీయ నినాదానికి నటుడి ముఖం వాడుకోవడం అందులోకి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే చానల్ మొత్తం పోతుంది.

తయారీలో మీ పోస్టర్లు ఎక్కడ చెడుతున్నాయో ఉత్తరంలో రాసిన రెండు ముక్కల వల్ల ఊహించగలను. ఒత్తులు విడిపోతున్నాయన్నారు. అది తెలుగు తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ సెట్టింగు. పాత ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపుల ఇంజన్ ఎంచుకుని ప్రోగ్రాం మూసి తెరవాలి. ఇంక్‌స్కేప్, క్రిటా లాంటి ఉచిత ప్రోగ్రాములు యూనికోడ్ తెలుగును సరిగానే చూపిస్తాయి. ప్రెస్సువాళ్లు అను ఫాంట్లలో మళ్లీ కొట్టిస్తామంటే ఒప్పుకోకండి. ఆ ఎన్‌కోడింగ్ వేరు, రేపు ఇంకెవరైనా మీ పోస్టర్‌లోని మాట మార్చుకోవాలంటే గజిబిజి అక్షరాలే మిగులుతాయి. రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతోనే దొరుకుతున్నాయి. పంచుకునే పనికి అవే సరి. పంక్తుల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచండి, లేకపోతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది.

వాట్సాప్‌లో ఎర్ర అక్షరాలు మసకబారుతున్నాయన్నారు. బొమ్మను కుదించేటప్పుడు వెలుగునీడల వివరం ఉంచుకుని రంగు వివరం తగ్గించేస్తారు. నలుపు మీద సన్నని ఎరుపు అక్షరానికి అంచు రంగులోనే ఉంటుంది కాబట్టి అదే మొదట పోతుంది. అక్షరాలు తెలుపు గానీ లేత పసుపు గానీ చేయండి, ఎరుపును పెద్ద మచ్చలకు ఉంచుకోండి. ఇతరులు మళ్లీ వాడుకోవాల్సిన ప్రతిని ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ముద్రణకు ఎ3 అయితే 300 డీపీఐలో 3508కి 4961 పిక్సెళ్లు, చుట్టూ కోతకు 3 మిల్లీమీటర్లు అదనం. చిన్న అక్షరాలను నాలుగు ఇంకుల నలుపులో కాకుండా ఒక్క నల్ల ఇంకులోనే వేయించండి. నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సున్నాలు పూడుకుపోతాయి. గోడకు అంటించే కాగితం 80, 90 జీఎస్ఎం మ్యాప్‌లిథో చాలు, మందమైన ఆర్ట్ పేపరు మైదా జిగురును పీల్చుకోక ఊడొస్తుంది. మాటలు పన్నెండుకు మించొద్దు.

పొరలు విడిగా ఉన్న అసలు ఫైలు కూడా పంచండి. బొమ్మ ఒక పొర, అక్షరాలు ఒక పొర, సంతకం, లైసెన్సు వాక్యం ఒక పొర. తయారైన జేపీజీ మాత్రమే పంచితే, మార్చాలనుకున్నవాడు సంతకం మీద తెల్లరంగు పూసి పైన రాస్తాడు. పేరు పోయే ప్రమాదం దురుద్దేశం కంటే ఈ అసౌకర్యం వల్లే ఎక్కువ. సంతకాన్ని మూలన కాకుండా బొమ్మలోనే ఏదో వస్తువు మీద, బండి అంచు మీదో గోడ మీదో పెట్టమని చెల్లెలికి చెప్పండి. కత్తిరించినా పోదు.

ముద్రించే ముందు ఒక పరీక్ష. మీ ఆలోచనలతో సంబంధం లేని ఐదుగురికి పోస్టర్‌ను ఫోనులో పది సెకన్లు చూపించి తీసేయండి. రెండే ప్రశ్నలు: ఇది ఏం చెప్పింది? ఎవర్ని అంది? జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, వివరించొద్దు, సర్దిచెప్పొద్దు. ఇద్దరు వేరేగా అర్థం చేసుకున్నా బొమ్మ మార్చాలి. బియ్యం బస్తా పోస్టర్‌కు ఈ పరీక్ష పెట్టి ఉంటే రెండో ప్రశ్న దగ్గరే దొరికిపోయేది.

ఆ ఐదుగురిలో ఒకరు పెదనాన్నగారు కావాలి. ఆయన మాటను మీరు ఎగతాళిగా తీసుకున్నట్టున్నారు. నాకు అది అనుభవంలోంచి వచ్చిన సలహాలా వినిపించింది. 1940ల్లో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పింది. నాజర్ లాంటివాళ్లు కథ చెప్పి వెళ్లిపోలేదు, ఆ ఊళ్లో తిన్నారు, పడుకున్నారు, మనుషుల మాట తీరు పట్టుకున్నారు. వాళ్ల సిద్ధాంతం మీకు పూర్తిగా ఎదురే అయినా, ఆ పద్ధతి తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. పోస్టర్ ఆయన ముందు పెట్టి, "మీరైతే దీన్ని ఎక్కడ పడగొడతారు?" అని అడగండి. వాదించకుండా వినండి. ఆయన చూపించిన కంతను పూడ్చాక వేసిన బొమ్మ నిలబడుతుంది. ఆయన మీ వైపు రానక్కర్లేదు.

కొనసాగించడం కుదరదనిపిస్తే, జట్టు విడిపోయి నలుగురూ ఎవరి పేరుతో వాళ్లు చేసుకోవడమూ ఒక దారే. పంచుకునే లైసెన్సు ముందే ఉంటే పాత బొమ్మలు అందరికీ అందుబాటులోనే ఉంటాయి, కొత్త తగవు ఉండదు. కొనసాగిస్తే మాత్రం వచ్చే మూడు నెలలు ఒక్క బండి బొమ్మ మీదే పనిచేయండి. అది పూర్తయ్యాక, ప్రెస్సుకు పంపకముందే, ఆ నాలుగు గళ్లూ ఇడ్లీ బండి ఆమెకు చూపించండి. బియ్యం బస్తా పోస్టర్ తప్పని ముందుగా ఆమెతో చెప్పండి. బండి ఆమెది, వీధిలో ఆమెను గుర్తుపట్టే మనుషులూ ఆమెవాళ్లే. వద్దంటే ఆ బొమ్మ పక్కన పెట్టేయండి. సరే అంటే మొదటి పది ప్రతులు, వెనక సెక్షన్ నంబర్లున్నవి, ఆమెకే ఇవ్వండి. పక్క బండ్లవాళ్లకు ఆమే పంచుకుంటుంది.